ఫ్లోరెన్స్‌లో గైడ్‌తో సిటీ వాక్: అమ్మానాన్నలతో వెళ్తున్నాం, సలహా చెప్పండి

విభాగం: యూరప్ ప్రయాణాలు › ఇటలీ

గోదారోడు_మ్యూనిక్
అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. అక్టోబర్‌లో ఇటలీ చూపిద్దామని ప్లాన్. ఫ్లోరెన్స్‌లో ఉండేది రెండు రాత్రులే. శుక్రవారం మధ్యాహ్నం దిగుతాం, ఆదివారం మధ్యాహ్నం రోమ్ రైలెక్కాలి.

నాన్న ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఏ కట్టడం దగ్గరికి తీసుకెళ్ళినా ఎవరు కట్టారని అడగరు, ఎలా నిలబెట్టారని అడుగుతారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నడుస్తుంది కానీ మధ్యమధ్యలో కూర్చోవాలి. ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు, గడగడా మాట్లాడితే మాత్రం అందదు.

నెట్‌లో చూస్తే ఫ్రీ టూర్ అని ఒకటి, చిన్న గ్రూపు అని ఒకటి, ప్రైవేట్ అని ఒకటి, మళ్ళీ వాటికి ఉఫీజీ మ్యూజియం కలిపి, డేవిడ్ విగ్రహం కలిపి, వైన్ కలిపి... చూస్తుంటేనే టెన్షన్ వస్తోంది. అసలు గైడ్ కావాలా? కావాలంటే ఏ రకం? అన్నట్టు అమ్మ పూర్తి శాకాహారి, నాన్న గుడ్డు వరకూ ఓకే.

కంచరపాలెం_కుర్రాడు
గైడ్ దండగ బ్రో. ఊరి నడిబొడ్డు చాలా చిన్నది. స్టేషన్ నుంచి డువోమో (పెద్ద డోమ్ ఉన్న కెథెడ్రల్) పది నిమిషాల నడక, అక్కడి నుంచి పొంతె వెక్కియో (నది మీది పాత వంతెన) ఇంకో పది నిమిషాలు. ఫోన్‌లో ఆడియో యాప్ వేసుకో, చెరో ఇయర్‌ఫోన్ ఇచ్చెయ్. అమ్మగారు కూర్చోవాలంటే పాజ్ కొట్టొచ్చు, గైడ్‌ని పాజ్ కొట్టలేవు. మిగిలిన డబ్బుతో జెలాటో తినండి.

పాత_రాళ్ళు (వరంగల్)
పాజ్ సంగతి ఒప్పుకుంటా. కానీ యాప్‌లో ‘డువోమో’ అని నొక్కితే డువోమో గురించే చెబుతుంది. కాళ్ళ కింద ఏముందో చెప్పదు.

ఒక ఉదాహరణ. కెథెడ్రల్ వెనక వైపు, డోమ్ కింద, రోడ్డు రాళ్ళ మధ్య తెల్ల పాలరాతి బిళ్ళ ఒకటి పొదిగి ఉంటుంది. మీద ఏమీ రాసి ఉండదు. జనం దాన్ని తొక్కుకుంటూ పోతారు. డోమ్ కొనమీద బంగారు పూత పూసిన రాగి గోళం కనిపిస్తుంది కదా, అది వెరోక్కియో అనే శిల్పి వర్క్‌షాప్‌లో తయారై 1471లో పైకెక్కింది. ఆ రోజుల్లో లియొనార్డో డా విన్చీ ఆ వర్క్‌షాప్‌లోనే పని నేర్చుకుంటున్నాడు. 1600 సంవత్సరంలో పిడుగు పడి ఆ గోళం దొర్లుకుంటూ కిందికొచ్చి పడింది. పడిన చోటుకి గుర్తు ఆ బిళ్ళ. రెండేళ్ళకి ఇంకా పెద్ద గోళం చేసి ఎక్కించారు. ఇలాంటివి మనిషి వేలు పెట్టి చూపిస్తేనే కళ్ళకి ఆనతాయి.

ఇంకోటి, ఇంటి నంబర్లు. ఆ ఊళ్ళో ఒకే వీధిలో రెండు వరసల నంబర్లుంటాయి. ఇళ్ళకి నలుపో నీలమో, దుకాణాలకి ఎరుపు. ఎరుపు 20కీ నలుపు 20కీ సంబంధం ఉండదు. హోటల్ అడ్రసు పట్టుకుని సూట్‌కేసులతో వీధంతా తిరిగేవాళ్ళని రోజూ చూడొచ్చు.

ఆర్నో_పక్కనే (ఫ్లోరెన్స్)
ఇక్కడే చదువుకుంటున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

గోదారోడు గారూ, గైడ్‌ని పెట్టుకోండి. కానీ బయటి నడకకి మాత్రమే. మ్యూజియం కలిపిన టూర్ తీసుకోవద్దు. రెండు గంటలు వీధుల్లో నడిచి, ఆ తర్వాత ఉఫీజీలో ఇంకో రెండు గంటలు నిలబడితే బొత్తిచెల్లి గీసిన వీనస్ బొమ్మ ముందుకి వచ్చేసరికి అమ్మగారు వీనస్‌ని కాదు, బెంచీని వెతుక్కుంటారు. ఉఫీజీకి విడిగా, పొద్దున మొదటి స్లాట్‌లో టికెట్ తీసుకుని మీ తీరిక మీద చూడండి. ఉఫీజీ, అకాడెమియా (డేవిడ్ విగ్రహం ఉన్న మ్యూజియం) రెండూ సోమవారం మూసేస్తారు, మీకా బాధ లేదు. ఆదివారం పొద్దున కెథెడ్రల్‌లో ప్రార్థనలుంటాయి, టూరిస్టులని లోపలికి పంపరు, కాబట్టి అది శనివారమే అయిపోవాలి.

మంచి గైడ్ నడిపించే వరస ఎలా ఉంటుందో చెబుతా. ఆ వరసలోనే కథ ఉంది.

మొదట సాన్ లొరెంజో ప్రాంతం. అక్కడ మెదిచి ప్యాలెస్ (మెదిచిలంటే ఈ ఊరిని ఏలిన బ్యాంకర్ల కుటుంబం) గోడల చుట్టూ రాతి అరుగులుంటాయి. ఎవరికోసం? లోపల కొజీమో మెదిచి ఉన్నాడు, బయట పని కావలసిన జనం ఎదురుచూడాలి. అరుగు మీద ఎంతమంది కూర్చుంటే ఇంటాయనకి అంత పలుకుబడి. మన జమీందార్ల లోగిళ్ళ ముందు అరుగుల పనే. కింద అంతస్తు రాళ్ళు మొరటుగా, పైకి వెళ్ళేకొద్దీ నునుపుగా ఉంటాయి. పక్కనే సాన్ లొరెంజో చర్చి, ఊళ్ళో మహా ధనవంతుల సొంత చర్చి, దాని ముందు గోడ ఇవాళ్టికీ మొండిగానే ఉంది. పాలరాతి ముఖం కట్టమని పోప్ లియో 10 మైఖెలాంజెలోకి అప్పగించాడు. ఆయనా మెదిచి ఇంటివాడే. పని ముందుకి సాగలేదు.

తర్వాత బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే కట్టడం), కెథెడ్రల్. దాని గురించి కింద ఎవరైనా రాస్తారు, నేను మొదలుపెడితే ఆపలేను.

అక్కడి నుంచి ఓర్సన్‌మికేలే. చర్చిలా కనిపించదు, ఎందుకంటే అది ధాన్యం మార్కెట్. పై అంతస్తులు గాదెలు. బయట గూళ్ళలో ఉన్న శిల్పాలు ఒక్కో వృత్తి సంఘం ఒక్కోటి పెట్టించినవి. దొనతెల్లో అనే శిల్పి చేత సెయింట్ జార్జ్ విగ్రహం చేయించింది ఆయుధాలు, కవచాలు చేసేవాళ్ళు. ఇప్పుడు గూళ్ళలో ఉన్నవి నకళ్ళు.

రెండు అడుగులేస్తే మెర్కాతో నువోవో. అందరూ కంచు పంది ముక్కు రుద్ది ఫోటోలు దిగుతుంటారు. మీరు మండపం మధ్యలో నేల చూడండి, బండి చక్రం ఆకారంలో రంగురాళ్ళ పలక ఉంటుంది. దివాలా తీసిన వ్యాపారిని అక్కడికి తెచ్చి, బట్ట విప్పి, పిర్రలు ఆ రాతికి తగిలేలా అందరి ముందూ ఎత్తి కొట్టేవాళ్ళు. బ్యాంకింగ్‌తో బతికిన ఊరు మరి. 1252 నుంచి వీళ్ళ బంగారు ఫ్లోరిన్ యూరప్ అంతా చెల్లింది. మాట తప్పినవాడిని అలా వదిలేస్తే ఆ నాణేనికి విలువేముంటుంది!

ఆ తర్వాత పియాజ్జా దెల్లా సిన్యోరియా, ఉఫీజీ స్తంభాల మధ్య నుంచి నది, పొంతె వెక్కియో. గైడ్ ఇక్కడ వదిలేస్తాడు. వంతెన దాటి సాంతో స్పిరితో చౌక్‌లో కూర్చోండి, కొంచెం సేపు ఏమీ చూడకండి.

గోదారోడు_మ్యూనిక్
ఆర్నో గారూ, చాలా థాంక్స్! అరుగుల సంగతి నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించా. ఆయన ప్రశ్న వెంటనే వచ్చేసింది: డోమ్ సెంట్రింగ్ లేకుండా కట్టారట కదా, అదెలా? ఇది గైడ్‌ని అడిగితే చెప్పగలరా? పైకెక్కాలంటే 463 మెట్లు, లిఫ్ట్ లేదు అని చూశాను. నాన్న ఎక్కుతానంటున్నారు. అమ్మని కింద ఎక్కడ కూర్చోబెట్టాలి?

సిమెంటు_ఇసుక
సివిల్ వాడిని, ఇది నాకొదిలేయండి.

కెథెడ్రల్ పని 1296లో మొదలైంది. ఎనిమిది పలకల డ్రమ్ (డోమ్ కూర్చునే చుట్టుగోడ) దాకా కట్టుకుంటూ పోయారు, దాని మీద డోమ్ ఎలా వేయాలో తెలియకుండానే. లోపలి వెడల్పు దాదాపు 45 మీటర్లు, మొదలయ్యే చోటు నేల నుంచి 50 మీటర్లకి పైన. అంత ఎత్తున, అంత వెడల్పున చెక్క సెంట్రింగ్ నిలబెట్టాలంటే కావలసిన కలప దొరికేది కాదు, దొరికినా దాని బరువే సమస్య. 1418లో పోటీ పెట్టారు. బ్రూనెలెస్కీ అనే ఆయన సెంట్రింగ్ లేకుండా కడతానన్నాడు. 1420లో పని మొదలై 1436లో ముగిసింది.

కిటుకులు ఇవీ. ఒకటి, డోమ్ ఒకటి కాదు రెండు. లోపల మందంగా ఒకటి, బయట పల్చగా ఒకటి, మధ్యలో ఖాళీ. మీ నాన్నగారు ఎక్కేది ఆ ఖాళీలోంచే. రెండు, బయటికి కనిపించే మూల పక్కటెముకలు 8, గోడల్లో దాగినవి 16. మూడు, కిందిభాగం బయటికి విచ్చుకోకుండా ఇనుప కట్లతో బిగించిన ఇసుకరాతి దూలాల గొలుసులు, ఒక చెక్క గొలుసు. మన పీపాకి వేసే పట్టీ పనే వాటిది.

నాలుగోది అసలు సంగతి. ఇటుక వరస లోపలికి వాలుతున్నప్పుడు సున్నం గట్టిపడేలోగా ఇటుకలు జారిపోవాలి. జారకుండా ఏం చేశాడంటే, కొంత దూరానికొక ఇటుకని నిలువుగా నిలబెట్టాడు. పైవరసలో ఆ నిలువు ఇటుక ఒక్క అడుగు పక్కకి జరుగుతుంది. అలా మెలికలు తిరుగుతూ పైదాకా పోతుంది, చేప ముల్లులా కనిపిస్తుంది. రెండు నిలువు ఇటుకల మధ్య పడుకోబెట్టిన ఇటుకలు ఇరుక్కుపోయి జారలేవు. వరస పూర్తయి చుట్టు కలిసిందంటే అది తనకి తానే నిలబడుతుంది. మెట్లెక్కేటప్పుడు ఈ ఇటుకల కూర్పు కళ్ళముందే కనిపిస్తుంది, అక్కడ ఒక్క నిమిషం ఆగమనండి. వెనక జనం తోస్తారు, తోయనివ్వండి.

మొత్తం 40 లక్షలకు పైగా ఇటుకలని చెబుతారు. వాటిని పైకి లాగడానికి ఎద్దులతో తిరిగే యంత్రం ఆయనే తయారుచేశాడు. ఎద్దుల్ని వెనక్కి తిప్పకుండానే బరువు పైకీ కిందికీ మార్చే గేరు ఉంది అందులో. నాకైతే డోమ్ కంటే ఆ గేరే ఎక్కువ నచ్చుతుంది.

పగుళ్ళున్నాయా అని నాన్నగారు తప్పకుండా అడుగుతారు. ఉన్నాయి, పెద్దవే ఉన్నాయి, శతాబ్దాల నాటివి. పరికరాలు అమర్చి వాటిని కనిపెట్టుకుని ఉంటారు.

పాత_రాళ్ళు (వరంగల్)
సూపర్ సార్. ఒక చిన్న చేర్పు. డ్రమ్ ఎనిమిది ముఖాల్లో ఒక్క ముఖానికే పాలరాతి వరండా ఉంటుంది, మిగతా ఏడూ బోసి. అది కట్టగానే మైఖెలాంజెలో ‘ఇది కీచురాళ్ళ పంజరం’ అన్నాడట, దాంతో పని ఆగిందట. అన్నాడో లేదో గాని, పని మాత్రం ఆగింది. ఆగ్నేయం వైపు నిలబడి చూడండి.

గోదారోడు గారూ, అమ్మగారిని డోమ్ వెనక ఉన్న కెథెడ్రల్ మ్యూజియంలో ఉంచండి. లిఫ్ట్ ఉంది, జనం తక్కువ. గిబెర్టి అనే శిల్పి 27 ఏళ్ళు చేసిన ‘స్వర్గ ద్వారాల’ అసలు తలుపులు అక్కడే ఉన్నాయి. బాప్టిస్టరీకి తగిలించినవి నకళ్ళు, అందరూ ఎండలో తోసుకుంటూ ఫోటో తీసేది నకళ్ళనే. దొనతెల్లో చెక్కిన చెక్క మగ్దలీన్ విగ్రహం, మైఖెలాంజెలో తన సమాధికని మొదలుపెట్టి మధ్యలో సుత్తితో కొట్టేసిన పియెతా (చనిపోయిన క్రీస్తును పట్టుకున్న శిల్పం) కూడా అక్కడే. పై టెర్రస్ నుంచి డోమ్ చాలా దగ్గరగా కనిపిస్తుంది. నాన్నగారు పైనుంచి చెయ్యి ఊపితే అమ్మగారికి కనపడకపోవచ్చు గాని, ఊపమనండి.

కాకినాడ_టీచరమ్మ
బాబూ, నేను ప్యాకేజీ టూర్‌లో వెళ్ళాను. కంపెనీ పేరు వద్దులే. బస్సు ఊరి బయట దింపింది, జెండా పట్టుకున్న అమ్మాయి వెనకాల నలభై మందిమి పరుగు. చెవిలో రేడియో పెట్టారు. మన గైడ్ డేవిడ్ గురించి చెబుతుంటే నేనింకా వెనక వీధిలో ఉన్నాను, చెవిలో డేవిడ్, కళ్ళ ముందు తోలు సంచుల అంగడి. కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు గ్రూపు సైజు చూసుకో నాయనా. పదిమంది దాటితే వద్దు.

అమ్మకి భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి చర్చిల్లోకి, చీర కట్టుకుంటే ఏ గొడవా లేదు. చెప్పులు మాత్రం వద్దు, షూ వేయించు. వీధులన్నీ పెద్ద పెద్ద రాతి పలకలు, వాన పడితే జారుడే. బాత్రూమ్‌కి ఎక్కడికక్కడ డబ్బులడుగుతారు, చిల్లర దగ్గరుంచుకో. కాఫీ హోటల్లో నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. అమ్మ కూర్చోవాలి కాబట్టి ఆ రెండో రేటు ఇచ్చెయ్యి, లెక్క చూడకు.

మైఖెలాంజెలో చెక్కిన డేవిడ్ సంగతి. సిన్యోరియా చౌక్‌లో ఉన్నది 1910లో పెట్టిన నకలు. అసలుది 1873 నుంచి అకాడెమియాలో ఉంది. నకలు చూశాం కదా చాలు అనేవాళ్ళుంటారు. సాలార్‌జంగ్‌లో ముసుగు రెబెకాని ఫోటోలో చూసి చాలనుకునేవాళ్ళ మాటలాంటిదే. 5.17 మీటర్ల విగ్రహం, ఇంకో శిల్పి మొదలుపెట్టి వదిలేసిన రాతిలోంచి ఇరవైల్లో ఉన్న కుర్రాడు తీశాడు. కుడిచెయ్యి మీద నరాలు చూడమను అమ్మని.

కంచరపాలెం_కుర్రాడు
సరే గైడ్ పెట్టుకోండి, నేనడ్డం కాదు. కానీ నా అసలు గొడవ వేరే. గైడ్‌లు చెప్పేదాంట్లో సగం పిట్టకథలు. సిన్యోరియా చౌక్‌లోని పాలాజ్జో వెక్కియో (పాత పరిపాలనా భవనం) గోడమీద గీసిన ముఖం ఒకటుంటుంది, ‘మైఖెలాంజెలో గోడకి వీపు పెట్టి, వెనక చేతులతో చెక్కాడు’ అంటారు. పొంతె వెక్కియో దగ్గర ‘హిట్లర్‌కి ఈ వంతెన నచ్చి వదిలేశాడు’ అంటారు. బ్రూనెలెస్కీ గుడ్డు నిలబెట్టి కాంట్రాక్టు కొట్టేశాడంటారు. డబ్బులిచ్చి ఇవి వినాలా?

ఆర్నో_పక్కనే (ఫ్లోరెన్స్)
కుర్రాడు గారి అనుమానం సబబే. కానీ మంచి గైడ్ ‘అంటారు’ అనే మాట వాడతారు, అలాంటివాళ్ళనే వెతకండి. రివ్యూల్లో ‘చాలా ఫన్నీ’ అని ఉన్నవాళ్ళకంటే ‘మా ప్రశ్నలకి ఓపిగ్గా జవాబిచ్చారు’ అని ఉన్నవాళ్ళు మేలు.

గోడమీది ముఖం మైఖెలాంజెలోదన్నది ఊరి కథ. గుడ్డు కథ వసారి అనే చిత్రకారుడు రాసిన జీవితచరిత్రలోది, ఆయన డోమ్ పూర్తయ్యాక ఎన్నో ఏళ్ళకి పుట్టినవాడు.

వంతెన సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిజం పిట్టకథ కంటే బరువైనది. 1944 ఆగస్టులో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం ఆర్నో మీది వంతెనలన్నీ పేల్చేసింది, ఈ ఒక్కటీ తప్ప. దీన్ని వదిలారు గాని, రెండు చివర్లా ఉన్న మధ్యయుగం నాటి ఇళ్ళని కూల్చి శిథిలాలతో దారి మూసేశారు. వంతెన ఎక్కేముందు, దిగాక కనిపించే బిల్డింగులు చూడండి, అన్నీ యుద్ధం తర్వాతవి. వంతెన మీద జర్మన్ కాన్సుల్ గెర్హార్డ్ వోల్ఫ్ పేరుతో ఒక ఫలకం ఉంది, ఊరిని కాపాడ్డానికి పాటుపడ్డాడని ఊరివాళ్ళే పెట్టారు. ఆ పక్క వంతెన సాంతా త్రినితా. నదిలో పడిన రాళ్ళు ఏరుకుని 1958 నాటికి తిరిగి నిలబెట్టారు. దానిమీది వసంత ఋతువు విగ్రహానికి తల దొరకలేదు. 1961లో నదిలోంచి తీశారు. ఇప్పుడు మెడ దగ్గర అతుకు కనిపిస్తుంది.

పొంతె వెక్కియో మీద ఒకప్పుడు మాంసం కొట్లుండేవి. 1593లో గ్రాండ్ డ్యూక్ ఫెర్దినాందో వాళ్ళని పంపేసి కంసాలులకి ఇచ్చాడు. ఎందుకంటే పైన వసారి కారిడార్ (కప్పున్న నడవా) ఉంది, ఆఫీసు నుంచి ఇంటికి డ్యూక్‌గారు దాని గుండానే నడిచేది, కింద నుంచి వాసన! 1565లో ఒక పెళ్ళి కోసం అయిదు నెలల్లో కట్టేశారు ఆ కారిడార్‌ని. వంతెన చివర మన్నెల్లీ వాళ్ళ బురుజు అడ్డొస్తే, వాళ్ళు కూల్చనివ్వలేదని దాని చుట్టూ తిప్పారు. కింద నిలబడి చూస్తే ఆ మలుపు స్పష్టంగా కనిపిస్తుంది. 2024 డిసెంబర్ నుంచి మళ్ళీ లోపలికి అనుమతిస్తున్నారు, విడిగా స్లాట్ తీసుకోవాలి.

సిమెంటు_ఇసుక
నాకు తెలిసి మంచి గైడ్‌కి ఒక పరీక్ష ఉంది. సిన్యోరియా చౌక్‌లో నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గర నేలలో గుండ్రని ఫలకం ఉంటుంది. 1498 మే 23న సవొనరోలా అనే సన్యాసిని అక్కడే ఉరితీసి కాల్చారు. అంతకు ముందేడు అదే చౌక్‌లో ఆయన మాట మీద జనం అద్దాలు, మాస్కులు, బొమ్మలు, పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టారు. గైడ్ ‘పిచ్చి సన్యాసి’ అని ఒక్కముక్కలో తేల్చేస్తే ఆయన దగ్గర సరుకు లేదని అర్థం. జనం ఎందుకాయన వెంట వెళ్ళారు, ఆ తర్వాత ఎందుకు తిరగబడ్డారు, అది చెబితేనే ఈ ఊరు అర్థమవుతుంది.

1478 ఏప్రిల్‌లో మెదిచిల మీద పాజ్జీ కుటుంబం చేసిన కుట్ర కూడా అంతే. కెథెడ్రల్‌లో పూజ జరుగుతుండగా జులియానో మెదిచిని పొడిచి చంపారు, అన్న లొరెంజో గాయంతో సాక్రిస్టీలోకి (చర్చి సామాన్ల గదిలోకి) దూరి తలుపేసుకున్నాడు. చర్చిలో నిలబడి వింటే ఒళ్ళు జలదరిస్తుంది. బయట నిలబడి ఇయర్‌ఫోన్‌లో వింటే సీరియల్ లాగే ఉంటుంది.

పులిహోర_పొట్లం
తిండి గురించి ఎవరూ రాయలేదేం? నేను రాస్తా.

అమ్మగారికి: రిబొల్లీతా, అంటే బీన్సు, ఆకుకూరలు, పాత రొట్టె వేసి ఉడికించే చిక్కటి సూపు. పప్పా అల్ పొమొదోరో, టమాటా రొట్టె కలిపినది. రెండూ మామూలుగా శాకాహారమే గాని, ఉడికించిన నీళ్ళు మాంసానివా అని ఒకసారి అడగాలి. స్కియచ్చాతా రొట్టెలో వంకాయ, చీజ్, టమాటా పెట్టించుకోవచ్చు. చీజ్ గట్టిగా పట్టించుకునేవాళ్ళయితే పార్మెజాన్‌లో దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ ఉంటుందని గుర్తుంచుకోండి.

వద్దనాల్సినవి: బండి మీద లంప్రెదొత్తో అని రాసి ఉంటే అది ఆవు పొట్ట. క్రొస్తీనీ అని చిన్న రొట్టెముక్కల మీద గోధుమరంగు పేస్టు పెట్టిస్తే అది చాలాసార్లు కోడి కాలేయం. టూర్‌లో ‘టేస్టింగ్’ ఉంటే ముందే చెప్పేయండి.

అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. మొదటి ముక్క తిని అందరూ మొహం చిట్లిస్తారు. ఆవకాయ పొట్లం పట్టుకెళ్ళండి, ఇంతకంటే చెప్పను.

కాకినాడ_టీచరమ్మ
చెప్పేశావుగా అమ్మా, ఇంకేముంది! 😀 నీళ్ళ సీసా కూడా పట్టుకెళ్ళు బాబూ, సిన్యోరియా చౌక్‌లో పాలాజ్జో పక్కగోడ దగ్గర ఉచిత నీళ్ళ కుళాయి ఉంది, సోడా నీళ్ళు కూడా వస్తాయి.

కొండవీటి_చాంతాడు
నాన్నగారి కోసం గైడ్‌లు చెప్పని ముక్క ఒకటి. డోమ్ పూర్తయ్యాక 1436 మార్చి 25న కెథెడ్రల్‌కి ప్రతిష్ఠ చేసింది పోప్ యూజీనియస్ 4. కొన్నేళ్ళకి ఆయన దగ్గరికే నికోలో కోంటీ అనే వెనిస్ వర్తకుడు క్షమాపణ కోరుతూ వచ్చాడు. తూర్పు దేశాల్లో తిరుగుతూ ప్రాణభయంతో మతం మారాడు మరి. పోప్ వేసిన శిక్ష ఏమిటంటే, చూసినదంతా తన కార్యదర్శి పొజ్జో బ్రాచ్చొలీనికి ఉన్నదున్నట్టు చెప్పడం. ఆ చెప్పినదాంట్లో విజయనగరం ఉంది, చుట్టుకొలత 60 మైళ్ళని! అది చెప్పింది ఫ్లోరెన్స్‌లోనే.

ఇంకో ముక్క. ఫ్లోరెన్స్‌లో ఆ ఇటుకలు పేరుస్తున్న కాలానికి మీ రాజమండ్రిలో రెడ్డిరాజులున్నారు. వీరభద్రారెడ్డికి శ్రీనాథుడు కాశీఖండం అంకితమిచ్చాడు. బ్రూనెలెస్కీ, శ్రీనాథుడు ఒకే కాలం మనుషులు. నాన్నగారికి ఇది చెప్పి చూడండి.

హైదరాబాదీ_దిల్
మెదిచి వాళ్ళ పసుపు వజ్రం మరిచారు! ఫ్లోరెంటైన్ డైమండ్, 137 క్యారెట్లు, మన గోల్కొండదే.

కొండవీటి_చాంతాడు
భారతదేశపు వజ్రమనే చెబుతారు, అప్పట్లో ఇంకెక్కడా అలాంటివి దొరికేవి కావు కూడా. గోల్కొండ గని అని కాగితం లేదు అన్నా. తావెర్నియే అనే ఫ్రెంచ్ వజ్రాల వర్తకుడు ఫ్లోరెన్స్‌లో గ్రాండ్ డ్యూక్ దగ్గర చూసి రాశాడు. కొల్లూరు గనుల గురించి రాసిన ఆ తావెర్నియేనే. మెదిచి వంశం అంతరించాక అది వియన్నా చేరింది. ఫ్లోరెన్స్ వెళ్ళి వెతక్కండి, అక్కడ లేదు.

ఆ మాటకొస్తే ఊళ్ళో బొమ్మలన్నీ వియన్నా పోకుండా ఆపింది మెదిచిల్లో ఆఖరి మనిషి అన్నా మరియా లుయీజా. 1737లో కుదిరిన ఒప్పందంలో ‘ఈ కళాసంపద ఊరు దాటకూడదు’ అని రాయించింది. ఉఫీజీ ఇవాళ ఉఫీజీలా ఉండడం ఆమె చలవే.

మనదేశం గుర్తు చూడాలంటే కాషీనే పార్కు పడమటి చివరకి పోవాలి. కొల్హాపూర్ రాజు రాజారామ్ ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ 1870 నవంబర్‌లో ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు, ఇరవై ఏళ్ళ కుర్రాడు. ప్రత్యేక అనుమతి తీసుకుని ఆర్నో, ముగ్నోనే కలిసే చోట దహనం చేశారు. అక్కడ ఛత్రి కింద ఆయన విగ్రహం ఉంది. దగ్గర్లోని వంతెన పేరే ‘ఇండియన్ వంతెన’. నడిబొడ్డుకి దూరం, నడక టూర్‌లో రాదు.

గోదారోడు_మ్యూనిక్
శ్రీనాథుడి ముక్కకి నాన్న ఫ్లాట్! ఇప్పుడు ఆయన గైడ్‌కే పాఠం చెప్పేలా ఉన్నారు.

అందరి మాటా విని ఇలా అనుకున్నాం. శుక్రవారం సాయంత్రం ఏ టూరూ లేదు, సాంతో స్పిరితోలో కూర్చోవడమే. శనివారం పొద్దున ప్రైవేట్ గైడ్‌తో రెండున్నర గంటల బయటి నడక. మ్యూనిక్‌లోనే ఉన్న ఇంకో తెలుగు కుటుంబం వస్తామంటోంది, ఖర్చు పంచుకుంటాం. మధ్యాహ్నం కెథెడ్రల్, తర్వాత నాన్న డోమ్, అమ్మ మ్యూజియం. ఆదివారం పొద్దున 8:15కి ఉఫీజీ. డేవిడ్ కుదరడం లేదు, టీచరమ్మ గారూ తిట్టకండి.

గైడ్‌కి ముందే ఏమేం చెప్పాలి? రేటు ఎంతుంటుంది?

ఆర్నో_పక్కనే (ఫ్లోరెన్స్)
ప్లాన్ బాగుంది. డోమ్ టికెట్ ముందే కొనండి, టైమ్ స్లాట్ ఒకసారి తీసుకుంటే మార్చరు. కాబట్టి గైడ్ నడకకీ దానికీ మధ్య తీరిక ఉంచండి. డోమ్ ఎక్కేవాళ్ళ వరస వేరు, చర్చిలోకి వెళ్ళేవాళ్ళ వరస వేరు.

ప్రైవేట్ గైడ్ రెండు మూడు గంటలకి 150 నుంచి 250 యూరోల మధ్య ఉంటుంది, మనిషికి కాదు, మొత్తం గుంపుకి. రెండు కుటుంబాలంటే చవకే. ఫ్రీ టూర్ అన్నది పేరుకే ఫ్రీ, చివర్లో మనిషికి 10, 15 యూరోలు చేతిలో పెట్టాలి, పైగా పాతిక మందితో నడవాలి. ఇటలీలో గైడ్‌కి లైసెన్స్ ఉండాలి, మెడలో కార్డు వేసుకుంటారు. అడగడానికి మొహమాటపడకండి.

ముందే మెయిల్ రాయండి: పెద్దవాళ్ళున్నారు, మెల్లగా మాట్లాడాలి, ఇరవై నిమిషాలకోసారి కూర్చునే చోట ఆపాలి. సిన్యోరియా చౌక్‌లోని లోజ్జా దెయ్ లాంజీ మండపంలో రాతి అరుగులున్నాయి, చెల్లీనీ చేసిన పెర్సియస్ విగ్రహం పక్కనే నీడలో కూర్చుని వినొచ్చు. నాన్నగారి ఇంజనీరింగ్ ఆసక్తి కూడా రాయండి, గైడ్ తయారై వస్తారు. తెలుగులో చెప్పే గైడ్ నాకు తగల్లేదు, కానీ మెల్లగా చెప్పే ఇంగ్లీషు వాళ్ళు చాలామంది ఉన్నారు.

సాంతా క్రోచే వైపు వెళ్తే గోడల మీద చిన్న పలకలు చూడండి, తలెత్తి చూడాలి. 1966 నవంబర్ 4న వరద నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని గీత గీసి ఉంటుంది. గోదావరి వరదల మనిషికి వేరే చెప్పక్కర్లేదు.

కొత్తపేట_కోడలు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేం డిసెంబర్‌లో వెళ్తున్నాం, రెండేళ్ళ బాబు, కారు అద్దెకి తీసుకుంటున్నాం. ఇదే నడక మాకు కుదురుతుందా?

కాకినాడ_టీచరమ్మ
కుదురుతుంది తల్లీ. స్ట్రోలర్ తోయచ్చు గాని చక్రాలు పెద్దవిగా ఉండాలి, చిన్న చక్రాలు రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి. ఓర్సన్‌మికేలే చుట్టుపక్కల పేవ్‌మెంట్ మనిషి పట్టేంతే ఉంటుంది, అక్కడ బాబుని ఎత్తుకోండి.

ఆర్నో_పక్కనే (ఫ్లోరెన్స్)
కారు మాత్రం ఊళ్ళోకి తీసుకురావద్దండీ. నడిబొడ్డంతా అనుమతి ఉన్న బండ్లకే. కెమెరా నంబర్ ప్లేటు ఫోటో తీస్తుంది, ఫైన్ నెలల తర్వాత ఇంటికొస్తుంది, దానిమీద కారు అద్దె కంపెనీ ఫీజు వేరే. ట్రామ్ లైన్ చివర విల్లా కొస్తాంజా దగ్గర పెద్ద పార్కింగ్ ఉంది. అక్కడ పెట్టి ట్రామ్ ఎక్కండి, స్టేషన్ దగ్గర దింపుతుంది.